మందూ అదే.. విషమూ అదే!

జీఎన్ఎం చదివినా, బీఎస్సీ నర్సింగ్ చదివినా, సైకియాట్రీ పేపర్ దగ్గరికి వచ్చేసరికి మీరు ఒక అంకెను బట్టీ పట్టే ఉంటారు. రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పోటీ పరీక్షలకు ఇది పాత చుట్టంలాంటి ప్రశ్న. సరైన ఆప్షన్ గుర్తించి ముందుకు వెళ్లిపోతారు. కానీ ఆ అంకె పుస్తకాల్లోకి రాకముందు ఒక మనిషి ఆ మందుతోనే బాగుపడ్డాడు, ఆ మందుతోనే చనిపోయాడు. అదీ దాన్ని కనిపెట్టిన డాక్టర్ చేతుల మీదుగానే. ఆ డాక్టర్ పేరు జాన్ కేడ్. మానసిక జబ్బులకు మందు అనేదే లేని రోజుల్లో, బైపోలార్ రోగులకు మొదటి మందు ఇచ్చిన ఆస్ట్రేలియా సైకియాట్రిస్టు. రేపు వార్డులో మందుల ట్రే పట్టుకుని నిలబడబోయే మీరు ఆయన గెలుపుతో పాటు ఆయనకు తగిలిన దెబ్బ గురించీ తెలుసుకోవాలి.

ఆసుపత్రి ఆవరణే ఆటస్థలం

జాన్ ఫ్రెడరిక్ జోసెఫ్ కేడ్ 1912 జనవరి 18న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, ముర్టోవా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి డేవిడ్ ఆ ఊరి డాక్టర్. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి, గల్లిపోలీలోనూ ఫ్రాన్స్‌లోనూ పనిచేసి తిరిగొచ్చారు. మనిషైతే వచ్చారు గానీ మునుపటి ఓపిక లేదు. పల్లెలో రాత్రనక పగలనక తిరిగే ప్రాక్టీసు ఇక తన వల్ల కాదని దాన్ని అమ్మేసి, ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఉద్యోగంలో చేరారు. సన్‌బరీ, బీచ్‌వర్త్, మాంట్ పార్క్.. ఇలా బదిలీలు. సూపరింటెండెంట్ కుటుంబానికి ఇల్లు ఆసుపత్రి ఆవరణలోనే ఉండేది. అలా జాన్, ఆయన తమ్ముళ్లు రోగుల మధ్యే పెరిగారు.

ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర ఇప్పటికీ ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలని జోకులేస్తాం. వైజాగ్ వైపు వాళ్లకూ ఇలాంటి జోకు ఒకటి ఉంది. సైకియాట్రీ పోస్టింగ్ అనగానే ఇంట్లో అమ్మానాన్నలు భయపడటం మీలో చాలామందికి అనుభవమే. కేడ్‌కు ఆ భయం లేదు. ఆయనకు వాళ్లు పక్కింటి మనుషులు. కొన్నాళ్లు బాగుండి, కొన్నాళ్లు బాగుండక, మళ్లీ బాగయ్యే మనుషులు. ఇలా వచ్చిపోయే జబ్బుకు ఒంట్లోనే ఏదో కారణం ఉండాలని పెద్దయ్యాక ఆయన గట్టిగా నమ్మారు.

చదువులో మెరిక. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 21 ఏళ్లకే డాక్టర్ అయిపోయారు. సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలో, ఆ తర్వాత పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తుండగా రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా వచ్చి మంచం పట్టారు. అప్పటికి పెన్సిలిన్ వాడకంలోకి రాలేదు. న్యుమోనియా రోగి బతికి బయటపడాలంటే నర్సింగే దిక్కు. జ్వరం చూడటం, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, నీళ్లు పట్టడం, రాత్రంతా ఊపిరి లెక్కపెట్టడం. కేడ్ కోలుకున్నారు. తనకు సేవ చేసిన నర్సుల్లో ఒకరైన జీన్‌ను 1937లో పెళ్లి చేసుకున్నారు. అంతకు ముందు ఏడాదే మాంట్ పార్క్ మానసిక ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. తండ్రి పనిచేసిన చోటే.

మూడున్నరేళ్ల చెర

1940లో సైన్యంలో చేరారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. వేలమంది ఆస్ట్రేలియా సైనికులతో పాటు కేడ్ కూడా చాంగి యుద్ధ ఖైదీల శిబిరంలో పడ్డారు. 1945 సెప్టెంబరు దాకా అక్కడే. భార్యాపిల్లలు ఎలా ఉన్నారో తెలీదు, తిండి అరకొర.

ఖైదీల్లో బెరిబెరి, పెల్లాగ్రా కనిపించేవి. రెండూ విటమిన్ల లోపంతో వచ్చేవే. మీ న్యూట్రిషన్ పేపర్‌లో పెల్లాగ్రాకు విరేచనాలు, చర్మం పాడవడం, మతి తప్పడం అని మూడు లక్షణాలు చదివి ఉంటారు. ఆ మూడోదాన్ని గమనించండి. ఒంట్లో ఒక పదార్థం తగ్గితే మనిషి బుర్రే మారిపోతుంది. మరి ఏదైనా పదార్థం ఎక్కువైతే? ఉన్మాదం, అంటే మేనియా, అలాగే వస్తోందేమో? ఎక్కువైంది మూత్రంలో బయటికి పోతూ ఉండాలి కదా? ఈ ప్రశ్నలతోనే ఆయన ఇంటికి తిరిగొచ్చారు.

పాత వంటగదిలో ప్రయోగశాల

యుద్ధం తర్వాత కేడ్‌కు మెల్‌బోర్న్ శివార్లలోని బండూరాలో ఉద్యోగం. మాజీ సైనికుల మానసిక ఆసుపత్రి అది. పరిశోధనకు నిధుల్లేవు, సహాయకులు లేరు. ఎవరూ వాడని ఒక వంటగదిని తన ప్రయోగశాల చేసుకున్నారు. రోగుల మూత్రం నమూనాలు ఆసుపత్రిలో పెట్టడానికి చోటు లేక ఇంటి ఫ్రిజ్‌లో సీసాల్లో దాచేవారు. నర్సుగా పనిచేసిన భార్య కాబట్టి సరిపోయింది గానీ, ఇంకో ఇంట్లో అయితే పెద్ద గొడవే అయ్యేది!

ఆ రోజుల్లో తీవ్రమైన ఉన్మాదం ఉన్న రోగికి ఏం చేసేవారో తెలిస్తే ఆయన పట్టుదల అర్థమవుతుంది. మత్తుమందులు, కరెంటు షాకు, ఇన్సులిన్‌తో కోమాలోకి పంపడం. కొందరికి మెదడులో నరాలు తెగ్గొట్టే లోబాటమీ. ఆ లోబాటమీకి 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. మనం ఇప్పుడు వాడే క్లోర్‌ప్రోమజీన్ వంటి మందులు ఇంకా రాలేదు. చాలామంది రోగులు ఏళ్ల తరబడి తాళం వేసిన వార్డుల్లోనే ముసలివాళ్లయ్యేవారు.

కేడ్ ఉన్మాద రోగుల మూత్రాన్ని గినీ పందులకు ఎక్కించి చూశారు. మామూలు మనుషుల మూత్రం కంటే అది ఎక్కువ విషంగా పనిచేస్తున్నట్లు అనిపించింది. చంపుతున్నది యూరియా. దాని విషాన్ని యూరిక్ ఆమ్లం ఇంకా పెంచుతోందేమోనని ఆయన అనుమానం. అది పరీక్షించాలంటే యూరిక్ ఆమ్లం నీళ్లలో కరగాలి, కానీ అది సరిగ్గా కరగదు. బాగా కరిగే రూపం లిథియం యూరేట్. కేవలం కరుగుతుందనే లిథియం ఆ సీసాలోకి వచ్చింది, అంతకుమించి ఏ ఆలోచనా లేదు. తీరా చూస్తే విషం పెరగాల్సింది పోయి తగ్గింది. అయితే ఈ పని చేస్తున్నది లిథియమేనా అని, లిథియం కార్బొనేట్ ఒక్కదాన్నే ఎక్కించారు. ముట్టుకుంటే చాలు గిజగిజలాడే ఆ జంతువులు రెండు గంటల్లో మందకొడిగా, శాంతంగా మారాయి. వెల్లకిలా పడుకోబెట్టినా కదలకుండా చూస్తూ ఉండిపోయాయి. కాసేపటికి మళ్లీ మామూలయ్యాయి.

ఇక్కడ ఒక మాట. కేడ్ మూల సిద్ధాంతం తప్పు. ఉన్మాదం మూత్రంలో పోయే విషం వల్ల రాదు. పైగా ఆ గినీ పందులు శాంతించాయా లేక లిథియం డోసు ఎక్కువై సోలిపోయాయా అని తర్వాతి పరిశోధకులు సందేహించారు. సందేహం సబబే. అయినా కళ్లముందు జరిగిన వింతను ఆయన వదిలేయలేదు, దాన్ని ఒక నోటుగా రాసుకుని ఊరుకోనూ లేదు. ముందు తానే కొన్నాళ్లు లిథియం మింగి చూసుకున్నారు. ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి, పది దశల పరీక్షలు కావాలి. అప్పటికి అవేవీ లేవు.

వార్డు మారిన మనిషి

1948 మార్చి 29న మొదటి రోగికి లిథియం మొదలుపెట్టారు. కేడ్ తన పత్రంలో అతన్ని డబ్ల్యూ.బి. అనే అక్షరాలతోనే రాశారు, మనమూ అలాగే పిలుద్దాం. వయసు 51. ఐదేళ్లుగా ఉన్మాదం దిగనే లేదు. నిద్ర పోడు, ఒక చోట కూర్చోడు, చేతికందింది పాడుచేస్తాడు, ప్రతి ఒక్కరి పనిలో వేలు పెడతాడు. ఆ వార్డు మొత్తానికి తలనొప్పి అంటే అతనే. ఇలాంటి రోగి దగ్గర డ్యూటీ పడితే ఎలా ఉంటుందో, క్లినికల్స్‌కు వెళ్లిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

లిథియం సిట్రేట్ 20 గ్రెయిన్లు, అంటే సుమారు 1.3 గ్రాములు, రోజుకు మూడుసార్లు. నాలుగో రోజుకు కేడ్‌కు మార్పు కనిపించినట్లే ఉంది. నిజంగానే తగ్గిందా, తన ఆశే అలా చూపిస్తోందా అని సందేహం. ఐదో రోజుకు సందేహం తీరింది. మనిషి నిదానించాడు, శుభ్రంగా ఉంటున్నాడు. మూడు వారాల్లో కోలుకునేవారి వార్డుకు మార్చారు. జులై 9న ఇంటికి వెళ్లాడు. కార్బొనేట్ 5 గ్రెయిన్లు రోజుకు రెండుసార్లు వేసుకోమన్నారు. 5 గ్రెయిన్లంటే 320 మిల్లీగ్రాముల పైచిలుకు. ఈ రోజు మీ వార్డులో కనిపించే 300 మిల్లీగ్రాముల మాత్ర దానికి దగ్గరి చుట్టమే. కొద్దిరోజుల్లోనే అతను తన పాత ఉద్యోగంలో చేరిపోయాడు. ఐదేళ్ల తర్వాత!

కథ ఇక్కడ ఆగితే ఇది మరో విజయగాథ అయ్యేది. ఆగలేదు. ఇంటికి వెళ్లాక, బాగానే ఉన్నాను కదా అని డబ్ల్యూ.బి. మాత్రల విషయంలో అశ్రద్ధ చేశాడు. క్రమంగా మానేశాడు. 1949 జనవరి చివరికి పాత స్థితిలోనే మళ్లీ ఆసుపత్రికి వచ్చాడు. మళ్లీ లిథియం ఇచ్చారు, మళ్లీ బాగయ్యాడు, ఫిబ్రవరి నెలాఖరుకు ఇంటికి పంపారు. మందుతో తగ్గింది, ఆపితే తిరగబెట్టింది, మళ్లీ ఇస్తే తగ్గింది. మందు పనిచేస్తోందనడానికి ఇది మంచి రుజువు. మానసిక జబ్బుల్లో రోగి మందు ఎందుకు మానేస్తాడో అనడానికీ రుజువే. మానేసేది మొండితనంతోనే కాదు, బాగయ్యాననే నమ్మకంతో. డిశ్చార్జి రోజు మీరు రోగికీ, ఇంట్లోవాళ్లకూ మందుల గురించి చెప్పే ఆ పది నిమిషాలు అందుకే అంత ముఖ్యం.

1949 సెప్టెంబరు 3న మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో కేడ్ పత్రం అచ్చయింది. ఉన్మాదం ఉన్న పదిమందికీ మేలు జరిగింది. స్కిజోఫ్రేనియా ఉన్న ఆరుగురిలో అసలు జబ్బు తగ్గలేదు, కొందరిలో అలజడి మాత్రం తగ్గింది. డిప్రెషన్ ఉన్న ముగ్గురిలో ఫలితం లేదు. ఉన్నదున్నట్లు రాశారు. అదే పత్రంలో డోసు మించితే కనిపించే లక్షణాలనూ రాశారు. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, తల తిరగడం, వణుకు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం. అవి కనిపించినా మందు ఆపకపోతే ప్రాణానికే ముప్పు అనీ హెచ్చరించారు. మీ పాఠ్యపుస్తకంలో లిథియం టాక్సిసిటీ కింద ఉన్న జాబితాతో పోల్చి చూడండి. పెద్ద తేడా ఉండదు.

చప్పిడి తిండి, కొత్త ఉప్పు

సరిగ్గా అదే ఏడాది అమెరికాలో ఇంకో సంగతి జరిగింది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లను ఉప్పు మానమంటారు కదా. చప్పిడి తిండి ఎంతకాలమని తింటారు? ఉప్పు రుచి ఉండి సోడియం లేని పదార్థంగా లిథియం క్లోరైడ్‌ను సీసాల్లో పోసి అమ్మారు. జనం కూరల మీద చల్లుకున్నారు. కొందరికి విషమై, కొందరు చనిపోయారు. 1949లోనే ఆ సీసాలను మార్కెట్ నుంచి తీసేశారు. లిథియం పేరు చెబితేనే అమెరికా డాక్టర్లు చాలా ఏళ్లు జంకారు.

అది విషమెందుకైందో అర్థం చేసుకుంటే మీకు సగం ఫార్మకాలజీ వచ్చినట్లే. మన కిడ్నీ లిథియాన్ని, సోడియాన్ని దాదాపు ఒకేలా చూస్తుంది. ఒంట్లో సోడియం, నీళ్లు తగ్గితే కిడ్నీ సోడియాన్ని పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది. దాంతో పాటు లిథియాన్నీ లాక్కుంటుంది. డోసు మారదు, రక్తంలో లిథియం మాత్రం పెరిగిపోతుంది. ఉప్పు మానేసినవాళ్లకే ఆ లిథియం ఉప్పు అమ్మారు. చావు అక్కడే పొంచి ఉంది.

1950 మే

ఇటు బండూరాలో డబ్ల్యూ.బి. పరిస్థితి మళ్లీ మొదటికొచ్చింది. మందు తగ్గిస్తే ఉన్మాదం, పెంచితే ఒళ్లు తట్టుకోలేకపోవడం. కేడ్ ఒకసారి ఆపారు. ఆపితే మనిషి అదుపు తప్పాడు. మళ్లీ మొదలుపెట్టారు. ఏ గీత దగ్గర మందు విషమవుతుందో చెప్పే పరీక్ష ఆయన దగ్గర లేదు. కళ్లతో చూసి అంచనా వేయాల్సిందే. కానీ వాంతులు మందువా? నిలకడలేని నడక జబ్బుదా, విషానిదా? చివరికి మూర్ఛలు వచ్చాయి, స్పృహ తప్పింది. 1950 మే నెలలో డబ్ల్యూ.బి. చనిపోయాడు. విచారణలో తేలిన కారణం లిథియం విషం.

ఎనిమిది నెలల కిందట ఆ లక్షణాలన్నీ తన చేత్తో రాసిన మనిషి కేడ్. అయినా కాపాడలేకపోయారు. జాబితా తెలిసి ఉండటం వేరు, ఈ గంటలో ఈ రోగి ఎక్కడున్నాడో కొలిచి తెలుసుకోవడం వేరు. కేడ్ లిథియం వాడకం ఆపేశారు. తన పేరు చరిత్రలో నిలిపే మందును తానే పక్కన పెట్టేశారు. దీన్ని కొందరు పిరికితనం అంటారేమో గానీ, నాకైతే అది డాక్టర్ చేయాల్సిన పనే అనిపిస్తుంది. కొలవలేని మందును ఇవ్వకపోవడమే నయం.

మంట రంగు చూసి లెక్కకట్టారు

దారి చూపింది వేరేవాళ్లు. అదే మెల్‌బోర్న్‌లో ఎడ్వర్డ్ ట్రౌట్నర్, చార్లెస్ నోవాక్ అనే ఇద్దరు. నోవాక్ పనిచేసింది మాంట్ పార్క్‌లోనే, కేడ్ వృత్తి మొదలుపెట్టిన చోటు. వందమందికి పైగా రోగులకు లిథియం ఇచ్చి 1951లో ఫలితాలు ప్రకటించారు. ట్రౌట్నర్ బృందం ఫ్లేమ్ ఫొటోమీటర్ అనే యంత్రాన్ని వాడుకుంది. దాని సూత్రం సింపుల్. లిథియాన్ని మంటలో కాలిస్తే ఎర్రటి వెలుగు వస్తుంది. ఎంత లిథియం ఉంటే అంత వెలుగు. రోగి రక్తం నమూనాను మంటలోకి పంపి, ఆ వెలుగును కొలిస్తే అంకె బయటికి వస్తుంది. ఒంట్లోకి వెళ్లింది ఎంత, మూత్రంలో బయటికి పోయింది ఎంత అని కూడా వాళ్లు లెక్కకట్టారు. 1954లో డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ బృందం పద్ధతి ప్రకారం పరీక్షించి, లిథియం పనిచేస్తుందని చూపింది. ఆ తర్వాత ఉన్మాదం మళ్లీ రాకుండా అడ్డుకోవడానికీ వాడొచ్చని తేల్చింది. ఉప్పు సీసాల భయం వీడిన అమెరికా 1970లో అనుమతిచ్చింది. కేడ్ పత్రం వచ్చిన 21 ఏళ్లకు.

మీరు బట్టీపట్టిన 0.6 – 1.2 అలా పుట్టింది.

మీ డ్యూటీలో ఇదెలా ఉంటుంది?

ల్యాబ్ వాళ్లు అంకె ఇస్తారు, డాక్టర్ డోసు రాస్తారు. మధ్యలో రోగి దగ్గర ఎనిమిది గంటలు ఉండేది మీరు. అందుకే కొన్ని సంగతులు గట్టిగా గుర్తుంచుకోండి.

రక్తం తీసే టైము చాలా ముఖ్యం. చివరి డోసు వేసుకున్న 12 గంటలకు తీయాలి. రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకుంటే ఉదయం 9కి, ఉదయం మాత్ర ఇవ్వకముందే. మాత్ర వేసిన రెండు గంటలకు తీస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, డాక్టర్ అనవసరంగా డోసు తగ్గిస్తారు, జబ్బు తిరగబెడుతుంది. ట్యూబు విషయమూ అంతే. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో కొన్నింటిలో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో రక్తం పోసి లిథియం పరీక్షకు పంపితే వచ్చేది ట్యూబులోని లిథియం లెక్క! చిన్న పొరపాటే, కానీ నిలకడగా ఉన్న రోగిని కూడా విషం ఎక్కినవాడిగా చూపించేస్తుంది. కొత్తగా మొదలుపెట్టినా, డోసు మార్చినా, సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులకు పరీక్ష చేస్తారు. రక్తంలో స్థాయి నిలకడపడటానికి అంత టైము పడుతుంది.

చేతి వణుకును చూడటం నేర్చుకోండి. గ్లాసు పట్టుకుంటే సన్నగా వణికితే అది చాలామందిలో కనిపించే దుష్ప్రభావం. చార్టులో రాసి డాక్టర్‌కు చెబితే సరిపోతుంది. చెయ్యి పెద్దగా ఊగిపోతూ, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం, మగత తోడైతే తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి వెంటనే డాక్టర్‌ను పిలవాలి. రౌండ్స్ దాకా ఆగొద్దు. లిథియానికి విరుగుడు మందు లేదు. సెలైన్, తీవ్రమైతే డయాలసిస్. తాగొచ్చినట్లు తూలుతున్నాడని నవ్వుకుని వదిలేసిన రోగి విషంతో తూలుతూ ఉండొచ్చు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో పొలానికి, కూలికి వెళ్లే మనిషికి చెమటలో ఉప్పూ నీళ్లూ పోతాయి. లిథియం వాడే మనిషి అయితే ఒంట్లో మందు పెరిగిపోతుంది. వాంతులు విరేచనాలు పట్టుకున్నా, నీళ్లు కూడా తాగని కటిక ఉపవాసం చేసినా అంతే. బీపీ ఉందని ఎవరో చెబితే ఒక్కసారిగా ఊరగాయ, మజ్జిగలో ఉప్పు అన్నీ బంద్ చేసినా అంతే. ఉప్పు ఎక్కువ తినమని కాదు, రోజూ ఒకేలా తినమని చెప్పాలి. మార్చాల్సి వస్తే ముందు డాక్టర్‌ను అడగమనాలి.

మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా లిథియాన్ని పెంచుతాయి. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు, ముఖ్యంగా థయజైడ్ రకం నీటిమాత్రలు, పేరు చివర ప్రిల్ అని వచ్చేవి కూడా. అందుకే రోగిని ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగి ఊరుకోవద్దు. మన వాళ్లు నొప్పి బిళ్లను మందుల్లో లెక్కేయరు. ఒళ్లునొప్పులకు ఏం వేసుకుంటారు, ఎక్కడ కొంటారు అని విడిగా అడగండి. గర్భం దాల్చాలనుకునే మహిళ అయితే ముందుగానే డాక్టర్‌తో మాట్లాడమనండి. తనంతట తాను ఆపేయడమూ ప్రమాదమే. ఒక డోసు మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోకూడదు. నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ మాత్రను నూరి ఇవ్వకూడదు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో డిశ్చార్జి కాగితం మీద రాసి ఉందో లేదో చూడండి.

ఇంకో సంగతి. లిథియం ఆత్మహత్యల ముప్పును తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అదే మందు ఒకేసారి ఎక్కువ మింగితే ప్రాణం తీస్తుంది. అందుకే ఇంట్లో మాత్రలు ఎవరి దగ్గర ఉండాలి, ఎన్ని రోజులకు సరిపడా ఇవ్వాలి అనేది కుటుంబంతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. వార్డులో మాత్ర ఇచ్చాక మింగారో లేదో, నాలుక కింద దాచారో చూడటం పోలీసు పనిలా అనిపిస్తుంది. మర్యాదగా, కబుర్లు చెబుతూ చేయొచ్చు. అనుభవమున్న సిస్టర్లను చూసి నేర్చుకోండి.

ఈ పనికి గుర్తింపు ఉందా అంటే, ఉంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం–2017 మానసిక ఆరోగ్య నర్సును విడిగా నిర్వచించింది. జీఎన్ఎం, బీఎస్సీ చేసినవాళ్లూ ఆ నిర్వచనంలోకి వస్తారు. ఇంకా లోతుగా వెళ్లాలంటే సైకియాట్రిక్ నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమా, ఎమ్మెస్సీ ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ పేరు మీరు వినే ఉంటారు. పోస్టింగ్ వద్దని తప్పించుకునే ముందు ఒకసారి ఆలోచించండి.

రాయల్ పార్క్‌లో పాతికేళ్లు

లిథియం పక్కనపెట్టాక కేడ్ ఏం చేశారు? 1952లో మెల్‌బోర్న్‌లోని రాయల్ పార్క్ మానసిక ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయ్యారు. 1977లో రిటైరయ్యే దాకా అక్కడే. 1954లో బ్రిటన్ వెళ్లి అక్కడి ఆసుపత్రులు చూసొచ్చారు. రోగులపై పెత్తనం చేసే పాత పద్ధతి తగ్గించి, వాళ్లతో మనుషుల్లా కూర్చుని మాట్లాడే పద్ధతి, గ్రూప్ థెరపీ తెచ్చారు. మద్యానికి బానిసలైనవాళ్ల వైద్యంపైనా శ్రద్ధ పెట్టారు, వాళ్లకు థయమిన్ పెద్ద డోసుల్లో ఇవ్వాలని వాదించారు. రక్తపరీక్షల దన్నుతో లిథియం మళ్లీ నిలబడటం, దేశదేశాల్లో వాడటం ఆయన కళ్లారా చూశారు. 1974లో మోగెన్స్ షౌతో కలిసి కిట్టే అంతర్జాతీయ అవార్డు అందుకున్నారు. 1976లో ఆస్ట్రేలియా ప్రభుత్వం గౌరవించింది. 1980 నవంబరు 16న మెల్‌బోర్న్‌లో కన్నుమూశారు. జీన్, నలుగురు కొడుకులు ఉన్నారు.

ఆయనకు లిథియంతో డబ్బేమీ రాలేదు. అది ప్రకృతిలో దొరికే మూలకం, ఎవరూ పేటెంట్ తీసుకోలేరు. లాభం లేదు కాబట్టి కంపెనీలూ చాలాకాలం దానివైపు చూడలేదు. ఇప్పుడది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. మీకు సైకియాట్రీ వార్డులో డ్యూటీ పడితే మొదటి వారంలోనే ఆ తెల్ల మాత్ర ట్రేలో కనిపిస్తుంది. పక్కనే ఉన్న చార్టులో చివరి లిథియం పరీక్ష ఏ తేదీన చేశారో, ఆ రక్తం చివరి మాత్ర వేసుకున్న ఎన్ని గంటలకు తీశారో వెతకండి.